ముల్లు లేని బండి

తొంభై నాలుగు మోడల్ సీడీ హండ్రెడ్.
పెట్రోలు ముల్లు దానికి పుట్టుకతోనే లేదు.
కిలోమీటర్ల మీటరేమో
ఖానాపురం మోరి కాడ కేబుల్ తెగి
మూడేండ్లాయె, ఒక్క అంకె మీదనే నిలవడ్డది.
అప్పటిసంది నాకు దూరమంటే ఊర్లే.
నర్సంపేట నుంచి అశోక్‌నగర్ పది,
పాకాల కట్టకు ఇంకొంచెం,
కొత్తగూడ పోయిస్తే ఒక పూట, ఒక లీటరు.

వెనక క్యారియర్ మీద ఇంకో ట్యాంకు ఉంటది,
నైట్రోజన్ డబ్బా. అండ్ల ముర్రా స్ట్రాలు.
గోపాలమిత్రను నేను.
బర్రె ఎదకొచ్చిందని ఫోనొస్తే
ఏ యాళ్లయినా కిక్కు కొట్టాలె.

పొద్దున లేస్తే డబ్బాల పుల్ల ముంచుత,
మంచు ఎంత పొడుగు పట్టిందో చూస్త.
పెట్రోలుకు పుల్ల లేదు. బండి ఊపి
ట్యాంకుకు చెవి పెడుత.

నైట్రోజన్ నమ్మకం లేనిది,
మూలకు పెట్టినా మూత సందులకెళ్లి పోతనే ఉంటది.
పెట్రోలు అట్ల గాదు.
ఎవలన్న నడిపితేనే ఒడుస్తది.

ఈ ముచ్చట నాకు ఎరుకే.
ఎరుకుండి గూడ నోటుబుక్కుల రాసుకుంట కూసున్న:
దసరాకు ముందు లీటరుకు అరవై రెండు.
దీపావళికి యాభై ఏడు.
చలి పడేసరికి యాభై ఒకటి.

యాకూబ్ పాషా షాపు ముందట లొల్లి పెట్టిన.
కార్బొరేటర్ ఇప్పి జెట్టు ఊదిండు.
ప్లగ్గు తీసి అరచేతుల పెట్టిండు,
కొత్త ఇటుక రంగు.
"నల్లగుంటే నన్ను తిట్టు కాకా,
ఇది బంగారమసొంటి ప్లగ్గు."
నమ్మలే. పంపు కాడి పిలగాని మీద పడ్డ,
సున్నా చూపియ్యకుంటనే కొట్టిండని.
చైను సదిరిన, గాలి నింపిచ్చిన,
దిగుడు వస్తే ఇంజన్ బందు వెట్టి జారిన.
యాభై ఒకటే.

ఆ రాత్రి బానోతు సక్రి ఫోను.
తొందర్ల బండి ఊపలే, చెవి పెట్టలే.
పాకాల దాటినంక, అడివి నడుమ
రెండుమాట్ల దగ్గి ఆగింది.
ఎడమ మోకాలు కిందికి చెయ్యి దానంతటదే పోయింది.
నాబు అప్పటికే రిజర్వు మీదుంది.
నేను పెట్టలే.

డబ్బా దించి, రాయి మీద నిలవెట్టి,
బండిని ఎడమ దిక్కు పండవెట్టిన
పిల్లగాన్ని ఒడిల పండవెట్టినట్టు.
కుడి కడుపుల దాసుకున్న నాలుగు గుక్కలు
గుళుక్కున ఇటు దిక్కు వచ్చినయ్.
ఆ నాలుగు గుక్కల మీదనే తండా చేరిన.
సక్రి కొట్టంల లైటు పట్టింది, పనైంది.
తెల్లారినంక కిరాణం కొట్టుల
కూల్‌డ్రింక్ సీసల పెట్రోలు, సీసకు నూటముప్పై.

ఇంటికొచ్చేసరికి డ్రమ్ము కాడ స్వరూప,
చీర కొంచెం ఎత్తి కాళ్లు కడుక్కుంటున్నది.
కుడి పిక్కకు లోపటి దిక్కు
మానిన కాలుడు మచ్చ, వేలంత.
గంజి పడ్డదన్నది అప్పుడు.
గంజి పాదం మీద పడ్తది.
పిక్క లోపటికి ఎక్కేది సైలెన్సరే.

నేను అడగకముందే అన్నది:
"మార్కెట్ యార్డుల. నువ్వు పగటీలి పండుకుంటవు గద.
మక్కల కుప్పల సుట్టు.
ఫస్టు గేరు పడుతది, సెకండు పడుతది,
మూడోదే ఇంకా పడతలే.
మొన్న ఆగిపోతే, నువ్వు చేసినట్టే
మోకాలు కింద చెయ్యి పెట్టి తిప్పిన."

ఫస్టు గేర్ల తిరిగే బండి
ఎంత తాగుతదో లెక్క వేసుకుంట నిలవడ్డ.
"రిజర్వు పెడితే, నింపినంక మల్ల ఆన్ చెయ్యాలె" అన్న.
"చెప్తివా ఎన్నడన్న?"

చెప్పలే. పద్దెనిమిదేండ్లు
ఆ నాబు ముచ్చట యాకూబ్‌తోనే ఒడిసింది.

మాపటీలి యాకూబ్‌కు చాయ్ తాపిన.
ప్లగ్గు బంగారమే అన్న. వాడు నవ్వలే,
చేతులు తుడుసుకుంట నా దిక్కు చూసిండు.
మీటరు కేబుల్ ఎంతకొస్తదని అడిగి,
వాడు ధర చెప్పకముందే
వద్దులే అన్న.